పర్సంటేజీ ఒక్కటే చూడకండి

హనుమకొండ కలెక్టరేట్ దారిలో నాది జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్. సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఉందని సర్కారు ఇచ్చే కాగితం, దాని కాపీలకు రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. అందరి వేలూ పోయి ఆగేది వైకల్యం ఎంత శాతమో రాసిన పర్సంటేజీ దగ్గరే. "నలభై దాటింది గదన్నా, ఇగ పింఛన్ వస్తది గదా?" అంటారు. నలభై దాటడం మొదటి మెట్టు మాత్రమే. ఆ తర్వాత ఇంటి ఆదాయం, భూమి లెక్కలు కూడా చూస్తారు. 2023లో నెలకు 4,016 రూపాయలు చేసిన ఆ పింఛన్ మా లాంటి ఇళ్లలో చిన్న మొత్తమేం కాదు, కాదనను. అయినా నేను ముందు చూసేది వైకల్యం రకం రాసిన లైను. మా పాపకు సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికల మీద పట్టు లేకపోవడం. పదకొండేళ్లు.

మొన్న పరకాల వైపు నుంచి ఒక అక్క కొడుకును చంకనేసుకొని వచ్చింది. పిల్లాడి మెడకు టవల్ ముక్క, చొంగ తుడవడానికి. దించి కుర్చీలో కూర్చోబెడితే రెండు మోకాళ్లూ ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి. చూడగానే నాకు తెలిసిపోయింది. సర్టిఫికెట్‌లో మాత్రం లోకోమోటర్ (కాళ్లూ చేతుల కదలికల వైకల్యం) అనే ఉంది, సెరిబ్రల్ పాల్సీ అన్న మాటే లేదు. అది తప్పుగా రాసినట్టు కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో సెరిబ్రల్ పాల్సీని లోకోమోటర్ కిందనే చేర్చారు. పింఛన్‌కు, బస్ పాస్‌కు దాంతో ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బందల్లా నిరామయ దగ్గర. ఇది 1999 చట్టంతో ఏర్పడ్డ కేంద్ర సర్కారు సంస్థ నేషనల్ ట్రస్ట్ ఇచ్చే ఆరోగ్య బీమా. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం, ఈ నాలుగింటికే వర్తిస్తుంది. ఉత్త లోకోమోటర్ అని ఉంటే మనం ఆ నాలుగింట్లో ఉన్నట్టు కాగితం చెప్పదు. అందుకే ఆ అక్కకు చెప్పాను, పాత న్యూరో రిపోర్టులన్నీ పట్టుకొని మళ్లీ సదరం క్యాంపుకు పోయి రకం స్పష్టంగా రాయించుకోమని. "మళ్లా క్యాంపా తమ్మీ?" అని మొహం చిన్నబుచ్చుకుంది. నిజమే, పిల్లాణ్ని ఎత్తుకొని లైన్లో నిలబడేది ఆమె కదా.

అయినా ఎందుకు చెప్పానంటే, నాకు తెలిసిన సర్కారు సాయాల్లో డాక్టర్‌ను మనం ఎంచుకోగలిగేది ఈ నిరామయలోనే. వికలాంగులకు సహాయ పరికరాలిచ్చే కేంద్రం అడిప్ పథకంలో డబ్బు చేతికి రాదు, వస్తువు వస్తుంది. కొలతలు తీసిన రోజుకూ కాలిపర్ (కాలికి ఆసరాగా కట్టే చట్రం) చేతికొచ్చే రోజుకూ మధ్య పిల్ల కాలు పెరుగుతుంది, మడమ దగ్గర పట్టీ ఒరుసుకొని పుండవుతుంది. పెద్దవాళ్లకు మూడేళ్లకోసారి ఇస్తే, 12 ఏళ్లలోపు పిల్లలకు ఏడాదికే మళ్లీ ఇవ్వొచ్చన్న నిబంధన ఉంది, అడగండి. నిరామయ అలా కాదు. ఏ హాస్పిటల్లోనైనా చూపించుకోవచ్చు. వయసు పట్టింపు లేదు, ముందస్తు మెడికల్ టెస్టూ లేదు. మనం కట్టేది వందల్లో, కవరేజీ ఏడాదికి లక్ష వరకు. లక్షంతా థెరపీకే అనుకోవద్దు, ఓపీకి, థెరపీకి, ఆపరేషన్‌కు వేర్వేరు పరిమితులున్నాయి. పైగా క్యాష్‌లెస్ కాదు. ముందు మన జేబులోంచి కట్టాలి, తర్వాత బిల్లులు పంపాలి. చేతిలో పైసల్లేనివాళ్లకు ఈ స్వేచ్ఛ సగమే.

జిరాక్స్ వాడిగా ఒక్క మాట: మెడికల్ షాపుల మిషన్ బిల్లులు కొన్ని నెలలకే తెల్లగా మాసిపోతాయి. తెచ్చిన రోజే కాపీ తీసి, డాక్టర్ చీటీతో కలిపి పిన్ చేయండి. బీమా ఏడాది మార్చి 31తో అయిపోతుంది, రెన్యువల్ సంగతి ముందే చూసుకోండి.

ఇక "ఏ హాస్పిటలైనా" అన్న మాట నైంనగర్లో ఫిజియోథెరపీకి పోగలిగే నాలాంటివాడికి బాగానే ఉంటుంది. ఏటూరునాగారం అవతలి తండాలో ఉన్న తల్లికి ఏ హాస్పిటల్ ఉంది ఎంచుకోవడానికి? అక్కడ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపే భవిత సెంటరే దిక్కు. అది ఉచితం. ఫిజియోథెరపిస్ట్ వచ్చే రోజేదో అక్కడి టీచర్‌ను అడిగి, ఆ రోజే పిల్లను తీసుకెళ్లండి. చేయించిన వ్యాయామాలను ఫోన్లో వీడియో తీసుకుంటే మిగతా రోజులు ఇంట్లో చేయించుకోవచ్చు.