రాట్‌వీలర్ కుక్క కోసం వెళ్లి ఫెయిలై వచ్చాను

నిన్న రాత్రి పదకొండింటికి కర్నూలు చేరాం. కుడి మోకాలు ఇంకా మడత పడటం లేదు. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

కథ మోటారుతో మొదలైంది. నంద్యాల రోడ్డు వైపు వెంచర్‌లో ఇల్లు కట్టుకున్నాం. మూడు పక్కలా ఖాళీ ప్లాట్లు, కంపచెట్లు. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి సంపు మీది మోటారు వైరుతో సహా మాయం. కంప్లెయింట్ ఇవ్వడానికి వెళ్లిన సంగతి రాయను, అదింకో రామాయణం. మా బావమరిది ఒక్కటే మాటన్నాడు: "బావా, రాట్‌వీలర్‌ని తెచ్చి గేటు దగ్గర కట్టెయ్. దొంగలే కాదు, చుట్టాలు కూడా రారు." చుట్టాలు రారన్న మాట నాకూ నచ్చింది, అబద్ధమెందుకు.

దాని గురించి చదవడం తేలిగ్గానే అయింది. జర్మనీలో రాట్‌వైల్ అనే ఊరి పేరు మీద వచ్చిన జాతి. కసాయివాళ్ల పశువులను తోలేది, బండ్లు లాగేది. మగది సుమారు 50 కిలోలు, ఆడది సుమారు 42 తూగుతుంది. తొమ్మిదీ పదేళ్లు బతుకుతుంది. తుంటి కీలు జబ్బు ఈ జాతిలో ఎక్కువ కాబట్టి పిల్లను కొనేముందు తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు అడగాలట. ఇవన్నీ ఒక ఆదివారం పని.

చట్టం సంగతి కూడా చూశాను. నేను బ్యాంకులో లోన్లు చూస్తాను, కాగితం లేకుండా ఏదీ ముట్టను. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల కుక్కల అమ్మకం, పెంపకం ఆపమని రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. రాట్‌వీలర్ కూడా ఆ జాబితాలో ఉంది. ఏప్రిల్‌లో కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు దాన్ని కొట్టేశాయి. అంతమాత్రాన ఇష్టారాజ్యం కాదు. మనం పట్టించుకోక మన జంతువు వల్ల మనిషికి ప్రమాదం వచ్చేలా ఉంటే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఈ సెక్షన్ చదివి వినిపిస్తే మా ఆవిడ "బాగుంది, మోటారు పోయింది, ఇక మీరూ పోతారు" అంది.

మొదట ఒక పెట్ షాపుకి వెళ్లాను. బోనులో అరచేయంత పిల్ల, కళ్లనిండా పుసి. నలభై ఐదు రోజులన్నాడు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని కుక్కల పెంపకం, అమ్మకం మీద 2017లో వచ్చిన రూల్స్‌లో ఉంది, అమ్మేవాడికి రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. ఆ కాగితం చూపించమంటే పగలబడి నవ్వాడు. "కుక్కకు ఆధార్ కార్డు కూడా కావాలా సార్?" అన్నాడు. ఇలాంటి చోట కొనకండి. ధర సగమని ఆశపడి కొంటే మిగతా సగం పార్వో (కుక్కపిల్లలకు వచ్చే ప్రమాదకరమైన వైరస్ జబ్బు) వచ్చాక డాక్టరుకు కడతారు.

ఎవరో చెబితే హైదరాబాద్ శివార్లలో ఈ కుక్కలను పెంచి అమ్మే ఒకావిడ నంబరు దొరికింది. ఫోన్‌లో ధర చెప్పలేదు. "ఇంట్లోవాళ్లందరు రాండ్రి, మాట్లాడుదం" అని పెట్టేసింది. రెండువందల కిలోమీటర్ల పైన ప్రయాణం. అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది కాబట్టి పక్కింటివాళ్లకు అప్పజెప్పి మా ఆవిడ, ఎనిమిదో తరగతి చదివే మావాడు, నేను బయల్దేరాం. మావాడు దారిలోనే పేరు కూడా పెట్టేశాడు, భైరవ అని.

ఆవిడకు అరవై ఉంటాయి. పిల్లలను చూపించలేదు. వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలు వేయించి, ఒక లాంగ్ నోట్‌బుక్ తెరిచి, పెన్ను క్యాప్ తీసి కూర్చుంది. అదే భంగిమలో నేను పద్దెనిమిదేళ్లుగా జనాన్ని కూర్చోబెట్టి అడుగుతున్నాను. నా చేతి మీదుగా వెళ్లిన ఇళ్ల లోన్లలో మొండి బకాయిలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ఈ మాట మా జోనల్ ఆఫీసులో ఎవరినైనా అడగండి. సరే, అది వదిలేయండి. అవతలి కుర్చీలో కూర్చుంటే ఎలా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది.

"ఏం పని చేస్తరు సార్?"

చెప్పాను.

"మీకు ట్రాన్స్‌ఫర్లు ఉంటయి కదా?"

మూడేళ్లకోసారి ఉంటాయన్నాను. ఆవిడ రాసుకుంది. "ఇది పదేళ్లు ఉంటది. మీరు పోతే ఎవరు తిప్పుతరు?"

మా ఆవిడ వైపు చూశాను. తను వేపచెట్టు వైపు చూసింది.

"మే నెల పగలు రెండు గంటలకు ఇది ఏడ పండుకుంటది?"

కారు షెడ్డులో అన్నాను. మా ఊళ్లో మేలో 42, 43 మామూలు. నల్లటి కుక్క, మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడమే దాని కూలర్ అని ఆవిడ నాకు వివరంగా చెప్పింది. ఇంట్లోకి రానిస్తారా అంటే మా ఆవిడే జవాబిచ్చింది: "మా అత్తగారికి మడి అండి, గడప దాటనివ్వరు." ఆవిడ అదీ రాసుకుంది.

"అసలెందుకు కావాలె?"

మోటారు కథంతా చెప్పాను.

"దొంగకు కుక్క జాతి తెల్వదు సార్. మొరుగుడు తెలుస్తది. కరెంటు మీటరు చూడనీకి వచ్చేటాయనకు, గ్యాస్ పిల్లగానికి కూడ అంతే. మీ మీటరు గేటు లోపలనా, బయటనా?"

లోపల.

అప్పటికే చొక్కా వీపుకు అంటుకుంది. అప్పుడు లేచి, షెడ్డులోంచి నాలుగేళ్ల ఆడకుక్కను తెచ్చింది. 41 కిలోలట. ఈ జాతికి అది పెద్ద సైజేం కాదు. తల మాత్రం నీళ్లబిందంత ఉంది. కళ్లు మెత్తగా, మనిషిని ఏదో అడుగుతున్నట్టు ఉన్నాయి. లీష్ నా చేతికిచ్చి, "ఆ గేటు దాక పోయి రాండ్రి" అంది.

నేను లీష్‌ను మణికట్టుకు రెండు చుట్లు చుట్టాను. గట్టిగా పట్టుకున్నట్టు ఉంటుందని. అది చేయకూడదని తర్వాత తెలిసింది. పది అడుగులు బుద్ధిగా నడిచింది. నేను వెనక్కి తిరిగి మావాడి వైపు చూసి చెయ్యి కూడా ఊపాను. కంచె అవతల కోడి రెక్క టపటపలాడించింది. తర్వాతి రెండు సెకన్లు నాకు సరిగ్గా గుర్తులేదు. కంకర మీద మోకాళ్లతో జారుతున్నాను, కళ్లద్దాలు లేవు, చెయ్యి భుజం దగ్గర ఊడొస్తుందేమో అనిపించింది. ఆవిడ ఒక్క మాట అంది, అరవను కూడా లేదు. కుక్క ఆగిపోయింది. గడ్డి కోస్తున్న కుర్రాడు తలతిప్పుకుని నవ్వాడు. వాడి భుజాలు కదలడం నాకు కనబడింది.

అక్కడితో అయిపోలేదు. లేచి నిలబడి ప్యాంటు దులుపుకుంటుంటే కుక్క తిరిగొచ్చి నా తొడకు ఒరిగింది. ఈ జాతికి ఇష్టమైతే అలా మనిషి మీద బరువంతా వేసి ఆనుకుంటాయట. నేను మళ్లీ కూలబడ్డాను. ఈసారి వెనక్కి. అది నా చెవి నాకింది.

"కోపంల కాదు సార్, ప్రేమల చేసింది" అంది ఆవిడ. నోట్‌బుక్‌లో పేజీ వెనక్కి తిప్పి చూసుకుని అడిగింది: "మీ అమ్మగారి వయసు ఎంతన్నరు? డెబ్బయి రెండా?"

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఇన్ని రోజులూ నేను కరుస్తుందా కరవదా అని మాత్రమే చదివాను. తులసికోట దగ్గర చెంబు పట్టుకుని నిలబడే అమ్మకు ఇది ప్రేమగా ఆనుకుంటే ఏమవుతుందో అనుకోలేదు.

"పిల్లనియ్యను సార్. ఏమనుకోకుండ్రి" అని నోట్‌బుక్ మూసేసింది. డబ్బు ఎక్కువిస్తానని అనబోయి ఊరుకున్నాను. అలా అనేవాళ్లను నేనేం చేస్తానో నాకు తెలుసు.

ఒక్కటి మాత్రం ఆవిడది తప్పే. ఈ ప్రశ్నల్లో నాలుగు ఫోన్‌లోనే అడిగి ఉంటే నాకు ఆ డీజిలు, ఆ ప్యాంటు మిగిలేవి. మా ఆవిడ మాత్రం "ఫోన్‌లో అడిగితే మీరు ఒప్పుకునేవారా?" అంటుంది. జడ్చర్ల దాకా నవ్వు ఆపుకుంది పాపం. టీ తాగడానికి ఆగినప్పుడు ఆపుకోలేకపోయింది. మావాడు ఏడ్చాడు, తర్వాత వాడూ నవ్వాడు.

మీరు ఇలాంటి కుక్క అనుకుంటుంటే పిల్లను చూసి నిర్ణయించుకోకండి. ఎదిగినదాన్ని ఎవరింట్లోనైనా అడిగి పట్టుకుని చూడండి. మీరు కాదు, మీ ఇంట్లో అందరికన్నా బలహీనమైన మనిషి చేతికివ్వండి. లీష్ మణికట్టుకు చుట్టకండి. బావమరుదుల మాట అస్సలు వినకండి. మా బావమరిది మామిడితోటలో ఉన్న రాట్‌వీలర్ ఇరవై నాలుగ్గంటలూ గొలుసు మీదే ఉంటుంది. చెట్టు చుట్టూ నేల గుండ్రంగా గట్టిపడిపోయింది. అది అందరి మీదకూ ఎగబడుతుందని వాడికి గర్వం. రోజంతా కట్టేస్తే మనిషైనా ఎగబడతాడు. దాన్ని కాపలా అని ఎలా అంటాడో నాకర్థం కాదు.

ఈ రోజు ఆఫీసులో ఒకాయన పందికోన కుక్క తెచ్చుకోమన్నాడు. పత్తికొండ దగ్గర ఊరు, మన జిల్లాదే, కాపలాకు పేరున్న జాతి, ఎండ కూడా తట్టుకుంటుందన్నాడు. నిజమే కావచ్చు. కానీ ఆ నోట్‌బుక్‌లోని ప్రశ్నలకు నా జవాబులు మారలేదుగా. ట్రాన్స్‌ఫర్ అదే, మడి అదే, అమ్మ మోకాలు అదే.

సాయంత్రం వెల్డింగ్ షాపుకి వెళ్లాను. కుక్కకని మాట్లాడుకున్న బోను కొలతలు తగ్గించి మోటారుకు చేయమన్నాను. తాళంతో కలిపి 6,500 అడిగాడు, 6,000కి ఒప్పుకున్నాడు. గురువారం బిగిస్తాడట.