కళింగపట్నం పల్లెవెలుగులో

శ్రీకాకుళం ఊళ్లో రైల్వే స్టేషను లేదు. బోర్డు మీద ‘శ్రీకాకుళం రోడ్’ అని రాసున్న స్టేషను ఆమదాలవలసలో ఉంది. అక్కడ దిగి పది కిలోమీటర్లు దాటి వెళ్తే గానీ జిల్లా కేంద్రం రాదు. అందుకే ఇక్కడ ఏ ప్రయాణమైనా బస్సుతో మొదలై బస్సుతోనే ముగుస్తుంది. అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనం పొద్దున్నే అయిపోయింది. ఆర్టీసీ కాంప్లెక్సుకి తిరిగొచ్చి, గార మీదుగా కళింగపట్నం వెళ్లే పల్లెవెలుగు ఎక్కాను.

అది అద్దె బస్సు. అంటే బండీ, డ్రైవరూ ప్రైవేటు యజమాని తరఫున, కండక్టరు మాత్రం ఆర్టీసీ మనిషి. ఎక్కేవాళ్లకు ఆ తేడా ఏమీ తెలియదు. ఇద్దరూ కలిసి పదేళ్ల నుంచి తిరుగుతున్నట్టే మాట్లాడుకున్నారు.

నాకు ఇంజను పక్కన చోటు దొరకడంతో దారి పొడుగునా కండక్టరు పని చూసే వీలు కలిగింది. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. చిల్లర గొడవ సగం తగ్గింది కాబట్టి కండక్టరుకు హాయి అనుకుంటాం. కానీ ప్రతి ఒక్కరి ఆధారో, ఓటరు కార్డో చూసి, మిషన్లోంచి సున్నా టిక్కెట్టు తీసి చేతికివ్వాల్సిందే. ప్రభుత్వం దగ్గర లెక్కకు వచ్చేది ఆ టిక్కెట్టే. ఆ రోజు బస్సులో డబ్బులు తీసినవాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిషను మాత్రం ఆగలేదు.

బుట్టతో ఎక్కిన ఒక ముసలావిడకు ఈ తతంగం నచ్చలేదు. “డబ్బుల్లేనప్పుడు ఈ కాయితం నాకెందుకు బాబూ?” అంది.

“ఇది నీకు కాదు మామ్మా, నాకు. చెకింగ్ వాళ్లు ఎక్కితే నీ చేతిలో ఇది లేదనుకో, నా ఉద్యోగం మీదికొస్తుంది.”

ఆవిడ చప్పున టిక్కెట్టు మడిచి బొడ్లో దోపుకుంది. తన కోసమైతే పట్టించుకునేది కాదేమో!

స్టేజీ దాటేలోగా టిక్కెట్లన్నీ కొట్టేయాలి. జనం మరీ ఎక్కువైతే కండక్టరు గట్టిగా “హోల్డాన్” అంటాడు, డ్రైవరు బండి పక్కకు తీస్తాడు. వెనక సీట్ల దాకా వెళ్లొచ్చాక “రైట్ రైట్”. బయటినుంచి చూసేవాళ్లకు బస్సు ఊరికే నిలబడ్డట్టుంటుంది గానీ, లోపల అసలు పని అప్పుడే జరుగుతుంది.

గార దాటాక బస్సు సగం ఖాళీ అయింది. కళింగపట్నం ఒకప్పటి రేవు. వంశధార ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. లైట్‌హౌసూ, ఇసక తిన్నెలూ బాగున్నాయి. ఎండ మాత్రం నిలవనివ్వలేదు. శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాలు దగ్గర్లోనే అయినా వాటిని ఇంకోసారికి వదిలేసి, సాయంత్రం శ్రీకూర్మం చూశాను. స్వామి పడమటి ముఖంగా ఉండటం, గుడికి రెండు ధ్వజస్తంభాలు ఉండటం నిదానంగా చూడాల్సినవి.

ఈ వైపు వచ్చేవాళ్లకు ఒక్క మాట. తిరుగు బస్సు ఎన్నింటికో దిగేటప్పుడే కండక్టర్ని అడగండి. పల్లెల్లో ‘నైట్ హాల్ట్’ అని ఒకటుంటుంది. రాత్రి టౌన్ నుంచి వచ్చిన ఆఖరి బస్సు ఊళ్లోనే పడుకుని, తెల్లారగట్ల కాలేజీ పిల్లల్నీ, కూరగాయల గంపల్నీ ఎక్కించుకుని బయల్దేరుతుంది. పిల్లలకు అదే మేలు. తిరుగు ప్రయాణంలో నా పక్కన కూర్చున్నాయన ఓసారి రాత్రి అలాంటి బస్సుకే చెయ్యెత్తి ఎక్కి కూర్చున్నాడట. డ్రైవరు దుప్పటి తీస్తూ, “ఐదింటికి బయల్దేరతామండీ, ఈలోగా మీరూ ఒక కునుకు తీయండి” అన్నాడట.