పుస్తకం ఇచ్చి పంపించారు

ఆఖరి కీమో అయిన రోజు ఆసుపత్రిలో నా చేతికొక కవరిచ్చారు. అందులో రంగుల బొమ్మలతో చిన్న పుస్తకం. రోజూ నడవండి, ఆకుకూరలు తినండి, మద్యం తగ్గించండి. ఇంటికొచ్చి ఫ్రిజ్ మీద పెట్టాను. అంతే, దాని కథ అక్కడితో సరి.

నడవమన్నారు బాగానే ఉంది, పాదాలేవీ? నాది పెద్దపేగు క్యాన్సర్, మూడో దశ. ఆపరేషన్ తర్వాత రెండు వారాలకోసారి చొప్పున ఆరు నెలలు ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించారు. ఆ మందుకీ చల్లదనానికీ పడదు. ఫ్రిజ్‌లోంచి పెరుగు గిన్నె తీస్తే వేళ్లకి కరెంటు కొట్టినట్టుండేది. మంచినీళ్లు కూడా గోరువెచ్చగా తాగాల్సిందే. మందు ఆపేశాక ఆ బాధ తగ్గింది గానీ అరికాళ్ల మొద్దుతనం ఇంకా పెరిగింది. ఒకసారి వీధి చివర మెయిల్‌బాక్స్ దాకా వెళ్లి ఒంటి చెప్పుతో తిరిగొచ్చాను. రెండోది ఎక్కడ జారిందో తెలియలేదు. మా ఆవిడ నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది.

ఒంగోలు నుంచి అక్క రోజూ ఫోను. "ఒరే, మంచం దిగమాక. ఉన్న కాస్త ఓపికా కరిగిపోద్ది." నాకూ ఆ మాటే నచ్చింది. మూడు నెలలు సోఫాలోనే గడిపాను. విచిత్రం ఏమిటంటే, పడుకునే కొద్దీ నీరసం పెరిగింది.

మేముండేది నార్త్ కరోలినాలో. పక్కింటాయన రిటైరైన పోస్ట్‌మాన్, ఆయనకి ప్రోస్టేట్ క్యాన్సర్. ఓ రోజు గడ్డి కోస్తూ మెషీను ఆపి, వైఎంసీఏ జిమ్ములో మాలాంటి వాళ్ల కోసమే ఒక వ్యాయామం క్లాసుంది, వస్తావా అన్నాడు. పేరు 'లివ్‌స్ట్రాంగ్ ఎట్ ద వైఎంసీఏ'. 2007 నుంచీ నడుస్తోందట. నా ఆసుపత్రిలో ఒక్కరూ దీని ఊసెత్తలేదు, ఆ కోపం నాకింకా పోలేదు. పేరు వినగానే మా ఆవిడ, "డ్రగ్స్ తీసుకుని దొరికిపోయిన ఆ సైకిలాయన సంస్థేగా?" అంది. అవును, లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పెట్టిన సంస్థే. 2012లో ఆయన తప్పుకున్నాక వాళ్ల దారిన వాళ్లు పని చేసుకుంటున్నారు.

పన్నెండు వారాలు, వారానికి రెండు రోజులు, పూట గంటన్నర. మా ఊళ్లో ఫీజు లేదు. డాక్టరు సంతకం చేసిన కాగితం తెమ్మన్నారు. మొదటి రోజు పరీక్షలు పెట్టారు. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తావు, కాళ్లతో ఎంత బరువు తోస్తావు, ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడతావు. నేను మూడు సెకన్లు నిలబడ్డాను. నా పక్కన డెబ్బై దాటిన బామ్మగారు పదకొండు సెకన్లు నిలబడి నాకేసి చూసి కన్నుగీటింది.

మొత్తం తొమ్మిది మందిమి. స్కూలు బస్సు నడిపే ఆయన, లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్ వచ్చిన కుర్రాడు, ఈ బామ్మగారు, ఇంకా కొందరు. తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. నిజం చెప్పాలంటే అదే నాకు హాయి. గుళ్లో ఎవరు కనిపించినా, "ఏంటండీ బాగా చిక్కారు, షుగరా?" అనేవారు. డైటింగ్ అని అబద్ధమాడేవాణ్ణి. మనవాళ్ల మధ్య ఆ జబ్బు పేరు పలకడానికి నాకే నోరు రాలేదు, ఇంకొకరిని అని లాభమేముంది! ఇక్కడ అది దాచక్కర్లేదు, చెప్పుకోనూ అక్కర్లేదు. క్లాసులో ఎక్కువగా నడిచిన చర్చ ఎవరి పెరట్లో టమాటాలు కుళ్లుతున్నాయనే.

నాలుగో వారం మానేశాను. వాన, కాళ్ల మంటలు, చిరాకు. సాయంత్రం కోచ్ ఫోన్ చేసింది. తిట్టలేదు, ధైర్యం చెప్పలేదు. "గురువారం మీ కోసం కుర్చీ వేసి ఉంచుతాను, కూర్చునే చేద్దురుగాని" అంది. వెళ్లాను. ఖాళీ కుర్చీ కళ్ల ముందు మెదిలితే మానెయ్యడం కష్టం. చివరి పరీక్షలో ఒంటికాలి మీద పద్నాలుగు సెకన్లు. బామ్మగారు ఇరవై. పాదాలకు స్పర్శ పూర్తిగా రాలేదు, కానీ తూలి పడటం లేదు.

క్లాసు అయిపోయిన కొద్ది రోజులకే, 2025 జూన్‌లో, ఒక పెద్ద పరిశోధన ఫలితం బయటికొచ్చింది. పేరు 'ఛాలెంజ్'. నాలాగే పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో అయిన 889 మంది. ఎక్కువగా కెనడా, ఆస్ట్రేలియా వాళ్లు. సగం మందికి మూడేళ్లపాటు ఒక మనిషిని తోడిచ్చి వ్యాయామం చేయించారు. ఐదేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు వీళ్లలో 80 శాతం, మిగతా సగంలో 74. ఎముకలకీ కండరాలకీ దెబ్బలు మాత్రం వ్యాయామం చేసినవాళ్లకే ఎక్కువ తగిలాయి, అదీ రాశారు. నన్ను గుచ్చింది వేరే ముక్క. మిగతా సగం మందికి ఏమిచ్చారో తెలుసా? పుస్తకం. ఆరోగ్య సూత్రాల పుస్తకం! లేచి ఫ్రిజ్ మీద వెతికాను, కనబడలేదు.

ఇదంతా ఫోన్లో అక్కకి చెబితే విని, కాసేపాగి అడిగింది. వాళ్ల పక్క వాటాలో ఉండే ఆవిడకి రొమ్ము ఆపరేషన్ అయింది. చెయ్యి వాచింది. చెంబెడు నీళ్లు కూడా ఎత్తొద్దని ఇంట్లోవాళ్లు కట్టడి చేశారట. ఆవిడ సంగతేంట్రా అని. చేతి వాపున్న 141 మంది ఆడవాళ్ల మీద అమెరికాలో చేసిన పరిశోధన 2009లో వచ్చింది. దగ్గరుండి నేర్పించి, బిగుతు తొడుగు వేయించి, కొంచెం కొంచెంగా బరువులెత్తిస్తే వాపు పెరగలేదని తేలింది. అయినా ముందు ఆవిడ డాక్టరుని అడగమన్నాను. అడిగారు. సరేనని, నాలుగు రోజులు ఫిజియోథెరపీ ఆయన దగ్గర నేర్చుకు రమ్మన్నాడట.

ఇప్పుడు నాకు పొద్దున్న ఏడింటికి వీడియో కాల్ వస్తుంది. అక్కడ సాయంత్రం నాలుగున్నర. డాబా మీద ఇద్దరూ అరలీటరు నీళ్ల సీసాలు పట్టుకుని నిలబడతారు, నేనిక్కడ కాఫీ తాగుతూ లెక్కపెడతాను. ఎనిమిదికి ఆపండి అంటాను. ఆవిడ ఆపుతుంది. అక్కే, పోటీకి పది చేసి మోకాళ్లు పట్టుకుంటుంది.