ముప్పై గీత, పన్నెండు యూనిట్లు

సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం. మందు ఇచ్చే ముందు ఈ ఐదూ సరిచూసుకోవాలని నర్సింగ్ మొదటి సంవత్సరంలోనే నేర్పుతారు. ఈ ఐదింటినీ తప్పకుండా పాటించి కూడా, కొన్నేళ్ల క్రితం ఒక ఉదయం నేను ఒక పెద్దాయనను ప్రమాదం అంచుకు తీసుకువెళ్లాను. వార్డుకు వచ్చే ప్రతి కొత్త బ్యాచ్‌కూ ముందుగా ఈ సంగతే చెబుతాను.

ఆయన హెర్నియా ఆపరేషన్ కోసం చేరారు. షుగరుకు ఇంట్లో ఎంత ఇన్సులిన్ తీసుకుంటున్నారని డాక్టరుగారు అడిగితే, పొద్దున ముప్పై, రాత్రి ఇరవై అని తడుముకోకుండా చెప్పారు. చార్టులో అలాగే రాశారు. మర్నాడు పొద్దున నేను ఆయన పేరు అడిగి, చేతి పట్టీ మీది నంబరు చూసి, 30/70 ఇన్సులిన్ (త్వరగా పనిచేసేది ముప్పై శాతం, నెమ్మదిగా పనిచేసేది డెబ్బై శాతం కలిసినది) వయల్‌ను, అంటే మందు సీసాను, అరచేతుల మధ్య దొర్లించి, మందు పాలలా సమంగా కలిశాక ముప్పై యూనిట్లు తీశాను. తోటి సిస్టరుకు సిరంజి చూపించాను, ఆమె సరేనన్నాక పొట్ట దగ్గర చర్మం కింద ఇచ్చాను. అరగంటకు ఆయన టిఫిను తిన్నారు. పదకొండు దాటాక "అమ్మా, కళ్లు తిరుగుతున్నాయి" అన్న మాట విని వెళ్లేసరికి చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయి ఉంది, చేతులు వణుకుతున్నాయి. షుగరు బాగా పడిపోయి, గ్లూకోమీటరు 48 చూపించింది. స్పృహలో ఉండి మింగగలిగే స్థితిలోనే ఉన్నారు కాబట్టి మూడు చెంచాల గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూస్తే 86కు వచ్చింది. స్పృహ తప్పి ఉంటే నోట్లో ఏమీ పోయకూడదు, డాక్టరుకు కబురు చేసి నరంలోకి డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజు ద్రవం) ఎక్కించాల్సి వచ్చేది.

చార్టులో తప్పు లేదు, నేను తీసిన మోతాదులోనూ తప్పు లేదు. మరి ఎందుకిలా జరిగింది? సాయంత్రం కోడలుగారు ఇంటి నుంచి తెచ్చిన సంచి తెరిచాక తెలిసింది. వయల్ మీద మిల్లీలీటరుకు 40 యూనిట్లు అని ఉంది. దానితో వాడుతున్న సిరంజికి మాత్రం నారింజ రంగు మూత ఉంది.

మన దేశంలో సిరంజితో తీసుకునే ఇన్సులిన్ ముఖ్యంగా రెండు గాఢతలలో దొరుకుతుంది. వయల్‌లో ఎక్కువగా వచ్చేది మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. 100 యూనిట్లదానికి నారింజ మూత సిరంజి వాడాలి. సిరంజి మీది గీత నిజానికి కొలిచేది ద్రవం పరిమాణాన్నే. ఆ గీత పక్కనున్న అంకె యూనిట్ల లెక్కగా నిజమయ్యేది తనకు సరిపడే వయల్‌తో వాడినప్పుడే. నారింజ మూత సిరంజిలో ముప్పై గీత అంటే 0.3 మిల్లీలీటరు. 40 వయల్ నుంచి అంత తీస్తే ఒంట్లోకి వెళ్లేది పన్నెండు యూనిట్లే. ఎర్ర మూతవి అయిపోయాయని మందుల షాపులో ఎప్పుడో ఇది ఇచ్చారట. అప్పటినుంచి షుగరు తగ్గక, ఊళ్లో డాక్టరు మోతాదు పెంచుకుంటూ ముప్పైదాకా తీసుకొచ్చారు. ఆయన శరీరం అలవాటుపడింది పన్నెండుకు, నేను ఇచ్చింది నిజమైన ముప్పై, అంటే రెండున్నర రెట్లు. పొరపాటు తిరగబడితే ఇంకా భయంకరం: 100 వయల్ నుంచి ఎర్ర మూత సిరంజితో ఇరవై గీత వరకు తీస్తే యాభై యూనిట్లు వెళ్లిపోతాయి.

అందుకే నా విద్యార్థులకు ఒక పని తప్పనిసరి చేశాను. ఇన్సులిన్ వాడే రోగి చేరినప్పుడు "ఎంత తీసుకుంటారు?" అని అడిగి ఊరుకోకూడదు, "మీ సీసా, సూది చూపించండి" అని అడగాలి, వయల్ మీది గాఢతనూ సిరంజి మూత రంగునూ చార్టులో రాయాలి, రెండూ పొంతన కుదరకపోతే మొదటి మోతాదు ఇవ్వకముందే డాక్టరుకు చెప్పాలి. మోతాదు రాసేటప్పుడు యూనిట్లు అని పూర్తిగా రాయాలి. ఇంగ్లీషులో యు అక్షరం ఒక్కటే పెడితే హడావిడి రాతలో సున్నాలా కనబడి పది వంద అయిపోతుంది.

మందు పనిచేసే తీరు తెలిస్తే దేనికోసం, ఎప్పుడు కనిపెట్టుకుని ఉండాలో తెలుస్తుంది. 30/70లోని రెగ్యులర్ భాగం, అంటే త్వరగా పనిచేసేది, అరగంటలో పని మొదలుపెట్టి రెండు నుంచి నాలుగు గంటల మధ్య తీవ్రంగా ఉంటుంది, మిగిలిన భాగం నెమ్మదిగా మధ్యాహ్నం దాకా, ఆ తర్వాతా పనిచేస్తుంది. అందుకే టిఫిను తిన్నారు కదా అని నిశ్చింతగా ఉండకూడదు. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. బీటా బ్లాకర్ మాత్రలు (బీపీకి, గుండెకు ఇచ్చేవి) వాడేవారిలో షుగరు పడిపోయినా వణుకు, గుండెదడ బయటపడకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. కాబట్టి ఆ రోగుల నుదురు తడిగా కనిపిస్తే ముందు గ్లూకోమీటరు తీయండి.

ఆ పెద్దాయనకు మోతాదు మళ్లీ పన్నెండు నుంచి మొదలుపెట్టి, ఇంటికి వెళ్లేనాటికి పద్నాలుగు దగ్గర స్థిరపరిచారు. డిశ్చార్జి రోజున ఎర్ర మూత సిరంజి ఆయన చేతికిచ్చి, "తాతగారూ, ఈ ఖాళీ సీసాలో నీళ్లున్నాయి, పద్నాలుగు తీసి చూపించండి" అన్నాను. ఆయన కళ్లకు గీతలు ఆనలేదు. సిరంజిని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, కాసేపు చూసి, కోడలికి అందించారు. ఆమె మొదటిసారి పదహారు తీసింది. రెండోసారి గాలి బుడగ పడింది. మూడోసారి తీసి, నాకు చూపించకముందే, పైకి చదివి వినిపించింది.