పద్నాలుగు స్లైడ్లలో లేని ఒక్క వాక్యం: నా అనుభవం

గాజువాక నుంచి ఇప్పుడే తిరిగొచ్చాను. మూడు వారాల తర్వాత మనసు కుదుటపడింది, అందుకే వెంటనే రాస్తున్నాను.

మాది రుషికొండ ఐటీ హిల్స్ దగ్గర చిన్న కంపెనీ. ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లు, రౌటర్లు అన్నిటినీ ఒకే చోటి నుంచి చూసుకునే సాఫ్ట్‌వేర్ చేస్తాం. అలాంటిదే క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ ద్వారా ఆ కంపెనీ సర్వర్ల మీద నడిచేది ఒక పెద్ద విదేశీ కంపెనీ తెచ్చింది. దాన్ని ఎలా ఎదుర్కొంటున్నామో కస్టమర్లకూ డీలర్లకూ చెప్పే పని నా మీద పడింది.

ధరల పట్టిక రెండు రోజుల్లో అయిపోయింది. లాయరు గారు రెండు వాక్యాలు కొట్టేసి సరే అన్నారు. స్లైడ్లు ఒక ఏజెన్సీ చేసింది. మొత్తం పద్నాలుగు. పన్నెండింటిలో అవతలి కంపెనీ పేరే, వాళ్లకు ఎర్ర ఇంటూలు, మాకు పచ్చ టిక్కులు.

వాటితో గాజువాకలో ఒక ఫ్యాక్టరీకి వెళ్లాను. ముందు వరసలో ఎండీ గారు, వెనక రిటైర్మెంటుకు దగ్గరపడ్డ సిస్టమ్స్ మేనేజరు గారు. నాలుగో స్లైడ్ దగ్గర ఆయన చెయ్యెత్తారు.

"బాబూ, వాళ్ల సంగతి వాళ్లొచ్చి చెప్పుకుంటారు. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మాకు బయటి ఇంటర్నెట్ లింకు రోజుల తరబడి లేదు. మళ్లీ అలాంటి రోజొస్తే మీది పనిచేస్తుందా లేదా, అది చెప్పండి."

స్లైడ్లు ముందుకీ వెనక్కీ తిప్పాను. ఎక్కడా లేదు. గొంతు ఎండిపోయింది. "కనుక్కుని చెబుతాను సర్" అన్నాను. ఎండీ గారు వాచీ చూసుకుని, "మీరేం అమ్ముతున్నారో ముందు మీరు తెలుసుకుని రండి" అంటూ లేచిపోయారు. ఎదురుగా ఉన్న టీ ముట్టుకోకుండానే బయటికొచ్చేశాను.

జవాబు నాకు తెలియనిది కాదు, అదే ఎక్కువ బాధ. మా సాఫ్ట్‌వేర్ కస్టమర్ సర్వర్ రూములోనే నడుస్తుంది. బయటి లింకు తెగినా లోపలి నెట్‌వర్క్ కనిపిస్తూనే ఉంటుంది, సెట్టింగులు మార్చుకోవచ్చు. క్లౌడ్ వాటిలో చాలావరకు లింకు పోయినా స్విచ్‌లు పనిచేస్తాయి గానీ, అది తిరిగొచ్చేదాకా మనం వాటిని క్లౌడ్ నుంచి చూడలేం, మార్చలేం. మాకున్న అసలు బలం ఇదే. ఏజెన్సీ వాళ్లు మా ఇంజినీర్లను ఒక్కసారి కూడా కలవలేదు, ఎదుటివాళ్ల లోపాలే అడిగారు. మేమూ అవే ఇచ్చాం.

ఇలాంటిది ముందే చూసినవాణ్ణి. 1998లో సూర్యాబాగ్‌లో ఒక ఆడిటర్ ఆఫీసులో, నోవెల్ అనే కంపెనీ నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ నెట్‌వేర్‌తో నడిచే సర్వర్ చూసుకునేవాణ్ణి. నెట్‌వర్క్‌లోని యూజర్లనూ ప్రింటర్లనూ ఒకే చోట పెట్టే డైరెక్టరీని నోవెల్ 1993లోనే తెచ్చింది. అలాంటిదే మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ 2000లో గానీ రాలేదు. ఏడేళ్లు! అయినా నోవెల్ 1994లో ఉత్తరాలు, డాక్యుమెంట్లు టైపు చేసే వర్డ్‌పర్ఫెక్ట్‌ను కొని ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో మైక్రోసాఫ్ట్‌తో పోటీకి దిగింది, 1996లో దాన్ని కోరెల్ అనే కంపెనీకి అమ్మేసింది. చేతిలో ఉన్న గొప్ప వస్తువు గురించి అంతే గట్టిగా చెప్పి ఉండాల్సింది. "నోవెల్ పనైపోయిందట కదా" అని ఆడిటర్ గారు అడిగితే మైక్రోసాఫ్ట్‌ను తిట్టడం తప్ప నా దగ్గర మాట లేకపోయింది.

మర్నాడే సపోర్ట్ ఇంజినీర్లతో కూర్చుని ఒకే పేజీ రాశాం. మొదటి వాక్యం: "బయటి లింకు పోయినా మీ నెట్‌వర్క్ మీ చేతిలోనే ఉంటుంది." మాది ఎవరికి సరిపడదో కూడా రాశాం. ఊరికో చిన్న బ్రాంచి ఉండి, ఎక్కడా సిస్టమ్స్ మనిషి లేని వ్యాపారానికి క్లౌడే మేలు. మా మార్కెటింగ్ పెద్దాయన దీని మీద మండిపడ్డారు, "వాళ్లకు మనమే ప్రచారం చేయాలా?" అని. నేను వెనక్కి తగ్గలేదు. ఈ విషయంలో నాదే సరైన మాటని ఇప్పటికీ అంటాను. ఇంకా తయారుకాని ఫీచర్లు, తేదీలు కూడా తీసేయించాను. డీలర్లు వాటిని చూపించి అమ్మేస్తారు, తర్వాత కస్టమర్ ముందు నిలబడాల్సింది సపోర్ట్ కుర్రాళ్లు.

ద్వారకానగర్ డీలర్లు అంతకుముందు ముగ్గురూ మూడు రకాలుగా చెప్పేవారు. ఇప్పుడు వాళ్లకూ అదే పేజీ ఇచ్చాం. మీరు ఇలాంటిది రాస్తుంటే ఏజెన్సీకి ఇవ్వకండి. రాత్రి రెండు గంటలకు కస్టమర్ ఫోనెత్తే ఇంజినీరుతో ముందు చదివించండి.

ఈరోజు ఆ పేజీ మేనేజరు గారి చేతిలో పెట్టాను. నిలబడే చదివారు. "లింకు పీకి చూపిస్తారా?" అన్నారు. సర్వర్ రూములో కేబుల్ ఆయన చేతే తీయించాను. స్క్రీన్ మీద లోపలి స్విచ్‌లన్నీ పచ్చగానే ఉన్నాయి. నలభై స్విచ్‌ల మీద నెల రోజులు టెస్ట్ చేయమన్నారు, సోమవారం మొదలుపెడుతున్నాం. టీ తాగే వచ్చాను.