చిన్న కెమెరా ఉందా? ఆటో మోడ్‌లోంచి బయటికి రండి

డిజిటల్ కెమెరా కొన్నవాళ్లు చాలామంది డయల్‌ని ఆటో మీదే వదిలేస్తారు, మెనూ తెరవాలంటే టెన్షన్. ముందు పి (ప్రోగ్రామ్) మోడ్‌కి తిప్పి చూడండి. షట్టర్ స్పీడ్ (షట్టర్ ఎంతసేపు తెరుచుకోవాలన్నది), అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం సైజు) కెమెరానే చూసుకుంటుంది, ఫ్లాష్, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలన్నది), వైట్ బ్యాలెన్స్ (రంగులు సరిగ్గా పడేలా చూసే సెట్టింగ్) మాత్రం మీ చేతికొస్తాయి.

హనుమకొండ వేయిస్తంభాల గుడిలో దీని విలువ బాగా తెలుస్తుంది. ఆ నల్లరాతి స్తంభాలు అద్దంలా మెరుస్తుంటాయి కదా, ఆటోలో పెడితే లోపలి చీకటికి ఫ్లాష్ దానంతటదే వెలిగి స్తంభం నడుమ తెల్లటి మచ్చ పడుతుంది, చెక్కడం కనిపించదు. ఫ్లాష్ ఆపేయండి. ఇంకోటి, కెమెరా దేన్ని చూసినా ఓ మోస్తరు వెలుతురులోకి తేవాలని చూస్తుంది, అందుకే ఫ్రేమంతా నల్లరాయే ఉంటే అది బూడిదరంగులో పడుతుంది. ప్లస్, మైనస్ గుర్తులున్న బటన్ నొక్కి ఎక్స్‌పోజర్‌ని, అంటే ఫొటోలో పడే వెలుతురుని, మైనస్ 2/3కి దించితే రాయి మళ్లీ నల్లగా వస్తుంది. నన్నడిగితే కెమెరా మొత్తంలో ముందు నేర్చుకోవాల్సింది ఈ ఒక్క బటనే.

సందర్భాన్ని బట్టి కెమెరానే సెట్టింగులు మార్చుకునే సీన్ మోడ్‌లలో స్పోర్ట్స్ ఒకటి పనికొస్తుంది. సాయంత్రం బతుకమ్మ చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టే చేతులు మామూలుగా అలుక్కుపోతాయి, ఇందులో షట్టర్ స్పీడ్ పెరిగి కాస్త నిలుస్తాయి. ఐఎస్ఓ పెరిగి ఫొటోలో చిన్న చిన్న చుక్కల్లా కొంచెం గరుకుదనం వస్తుంది, రానివ్వండి, చేతులు అలుక్కుపోవడం కన్నా అదే నయం.

డిజిటల్ జూమ్ మాత్రం మెనూలోకి వెళ్లి ఆపేయండి. అది ఫొటో మధ్యభాగాన్ని కత్తిరించి పెద్దది చేయడమే, ఆ పని ఇంటికొచ్చాక కంప్యూటర్‌లోనూ చేసుకోవచ్చు.