మా ఫాంటసీ లీగ్‌లో ట్రేడ్ ఆపినందుకు నేను పడ్డ మాటలు

2025 ఐపీఎల్ ఫైనల్ అయిపోయింది, బెంగళూరు కప్పు కొట్టింది. నిజం ఆటగాళ్లతో ఊహా జట్లు కట్టి, మ్యాచ్‌లో వాళ్లు ఆడేదాన్ని బట్టి పాయింట్లు లెక్కేసుకునే మా ఫాంటసీ లీగ్ కూడా ఎలాగో ఒడ్డున పడింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ కుర్రాళ్లం ఎనిమిది జట్లుగా ఆడతాం. డబ్బు పందెం లేదు. ఒడిశా వాళ్లని యాప్‌లు అప్పట్లో డబ్బు పోటీల్లోకి ఎలాగూ రానిచ్చేవి కావు. మాది వేలం పద్ధతి. ఒక ఆటగాడు ఒక్క జట్టుకే, అందరికీ ఐపీఎల్ లాగే 120 కోట్ల పర్సు, ఉత్తుత్తిదే. వేలం గూగుల్ మీట్‌లో సాఫీగా జరిగిపోయింది. మాలో కొందరు ఇంట్లో తెలుగే మాట్లాడినా ఒడియా మీడియంలో చదివారు కాబట్టి రూల్స్ రెండు లిపుల్లోనూ రాసి పెట్టాను.

మే 9న ఐపీఎల్ ఆగింది. 17న మళ్లీ మొదలయ్యేసరికి స్టార్క్ లాంటి విదేశీ ఆటగాళ్లు కొందరు రాలేదు. ఐపీఎల్‌లో తాత్కాలిక ఆటగాళ్లకి అనుమతిచ్చారు, మేమూ ఇచ్చాం. అమ్ముడుపోని వాళ్లలోంచి ఏరుకోవడంలో పట్టికలో అడుగున ఉన్నవాడికి మొదటి ఛాన్సు. దీనికి ఎవరూ నోరెత్తలేదు.

గొడవంతా ట్రేడ్ దగ్గరే, అంటే రెండు జట్లు ఆటగాళ్లని మార్చుకునే దగ్గరే వచ్చింది. ఆఖరి స్థానంలో ఉన్న కుర్రాడికి ఇంక గెలిచే దారి లేదు. వాడు సాయి సుదర్శన్‌ని తన బావ జట్టుకి ఇచ్చేసి, బెంచీ మీద కూర్చునే ఒక బౌలర్‌ని తీసుకుంటానన్నాడు. బావది అప్పటికి రెండో స్థానం. లీగ్ నడిపేది నేను కాబట్టి ఆపేశాను. మర్నాడు, మే 18న, సుదర్శన్ ఢిల్లీ మీద 108 నాటౌట్ కొట్టాడు. ఇంక గ్రూపు అంటుకుపోయింది. మొదటి స్థానంలో ఉన్నవాడు నా క్లాస్‌మేట్ కాబట్టే ఆపానట! నేను నాలుగో స్థానంలో ఉన్నాను, ఆ ట్రేడ్‌తో నాకు వచ్చేదీ పోయేదీ లేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. పాతపట్నంలో పెళ్లికి వెళితే, భోజనాల దగ్గర అందరూ వినేలా ఆ బావ, “ఏరా, ఎంతకి అమ్ముడుపోయావ్?” అన్నాడు. పక్కనే మా మావయ్య. ఆయన వాడిని ఏమీ అనకుండా, “సెల్‌ఫోన్ ఆటకి ఇంత రచ్చేంట్రా” అని నన్నే కసిరాడు. ముద్ద దిగలేదు. బంధుత్వం పెళ్లిలో చూపించుకోండి, పాయింట్ల పట్టికలో కాదు. అర్ధరాత్రి దాకా కూర్చుని జట్టు కట్టుకున్న మిగతా వాళ్ల కష్టానికి విలువ లేదా?

ఆ ఇద్దరినీ పక్కన పెట్టి మిగతా వాళ్లని ఓటు అడిగాను. ట్రేడ్ వద్దన్నవాళ్లే ఎక్కువ. సుదర్శన్ 759 పరుగులతో, అందరికంటే ఎక్కువ కొట్టినవాడికిచ్చే ఆరెంజ్ క్యాప్ తీసుకున్నాడు. అది చూశాక నేను ఆపింది ఎంత సరైన పనో అందరికీ తెలిసింది, ఆ బావకి తప్ప. ఆయన గ్రూపులోంచి వెళ్లిపోయాడు.

మీరు లీగ్ పెడితే ట్రేడ్‌ల గడువు లీగ్ సగంలోనే మూసేయండి. ట్రేడ్‌లో లేనివాళ్లే ఓటు వేయాలని వేలానికి ముందే రాసుకోండి. మేము ఈసారి చేసినట్టు మొదటి ఛాన్సు నేరుగా ఆఖరి జట్టుకే ఇస్తే, కావాలని ఓడేవాళ్లు తయారవుతారు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో కొత్త ఆటగాళ్లని ముందు ఎవరు ఎంచుకోవాలో తేల్చడానికి 1985లో లాటరీ పెట్టింది ఇలాంటి అనుమానాల వల్లే. వచ్చే ఏడాది మేమూ కింది మూడు జట్లకి చీటీలు తీస్తాం. ఒకే ఇంటివాళ్లకి రెండు జట్లు అసలు ఇవ్వకండి. ఇవ్వక తప్పకపోతే వాళ్ల మధ్య ట్రేడ్ మాత్రం వద్దు, ఎవరు అలిగినా సరే.